కవెలో గాలిపటం

అక్టోబరు నెలాఖరులో, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, హవాయి దీవుల్లో ఎక్కడ నిలబడి తల పైకెత్తినా ఇంచుమించు నడినెత్తిన నాలుగు చుక్కల పెద్ద చతురస్రం ఒకటి కనబడుతుంది. అవి మరీ మిరుమిట్లు గొలిపే చుక్కలేమీ కావు. అయితే చతురస్రం లోపలి భాగం దాదాపు ఖాళీగా ఉండటం వల్ల నాలుగు మూలలూ ఇట్టే తెలిసిపోతాయి. పాశ్చాత్యులు అందులో పెగసస్ అనే రెక్కల గుర్రపు మొండాన్ని చూశారు. మన పంచాంగాలు ఆ ఆకారాన్ని నిలువునా రెండుగా చీల్చి, పడమటి అంచున ఉన్న జంటను పూర్వాభాద్ర అనీ తూర్పు అంచున ఉన్న జంటను ఉత్తరాభాద్ర అనీ లెక్కపెట్టాయి. హవాయి నావికులు ఇప్పుడు దాన్ని ‘కా లూపె ఓ కవెలో’ అంటారు, అంటే కవెలో ఎగరేసిన గాలిపటం. కవెలో కౌవాయి దీవికి చెందిన రాచబిడ్డ. చిన్ననాడు గాలిపటాల పందెంలో తన బంధువు కౌవహోఅ పటాన్ని తెంపాడనీ, పెద్దయ్యాక అతణ్ణే యుద్ధంలో గెలిచాడనీ అక్కడ కథగా చెప్పుకుంటారు.

గాలిపటపు నాలుగు మూలలకూ నలుగురు రాజుల పేర్లున్నాయి: కేఅవె, పిఇలని, కాకుహిహేవ, మనోకలనిపో. హవాయి పెద్దదీవిని కేఅవె దీవి అనీ, మౌయిని పిఇలని దీవి అనీ, ఒవాహును కాకుహిహేవ దీవి అనీ, కౌవాయిని మనోకలనిపో దీవి అనీ పాటల్లోనూ స్తుతుల్లోనూ పిలవడం ఆ జాతికి తరతరాల అలవాటు. ఆ అలవాటే ఆకాశానికి ఎక్కింది. గాలిపటాన్ని గుర్తుపట్టినవాడికి ఆ రాత్రి ఆకాశమంతా చేతికి వచ్చినట్టే. పడమటి అంచును దక్షిణంగా పొడిగించుకుంటూ పోతే ఒంటరిగా మెరిసే ఫోమల్‌హాట్ తగులుతుంది. దానికి అక్కడి నావికులు పెట్టుకున్న పేరు కూకనిలోకో, ఒవాహు దీవిలో రాచకుటుంబాల స్త్రీలు ప్రసవించే పుణ్యస్థలం పేరు అది. తూర్పు అంచును ఉత్తరంగా పొడిగిస్తే కాసియోపియా అనే చుక్కల గుంపులోని చివరి చుక్క మీదుగా ధ్రువ నక్షత్రం దాకా దారి పడుతుంది. కాసియోపియాను వాళ్లు ఇవకెలిఇ అంటారు. సముద్రం మీద రెక్కలు చాపి తేలియాడే ఇవ పక్షుల దొర అన్నమాట. ధ్రువ నక్షత్రం హోకుపఅ, కదలని చుక్క.

గాలిపటాన్ని హవాయి నావికులు ‘ఇప్పుడు’ అలా అంటారని కావాలనే రాశాను. హవాయి నక్షత్రాల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు లేవనెత్తే అభ్యంతరం ఆ మాట దగ్గరే మొదలవుతుంది. చతురస్రానికి గాలిపటం అన్న పేరూ, మూలలకు రాజుల పేర్లూ, ఏడాది పొడుగునా కనబడే ఆకాశాన్ని నాలుగు నక్షత్ర పంక్తులుగా విడదీసిన పద్ధతీ ఈ రూపంలో 20వ శతాబ్దం చివరి భాగంలో కుదురుకున్నవి. చలికాలపు ‘కే కా ఓ మకలిఇ’, వసంతపు ‘ఇవికుఅమోఒ’, వేసవి ‘మనైఅకలని’, శరత్కాలపు గాలిపటం అనే ఈ నాలుగింటిలో చాలా పాతవీ ఉన్నాయి, నిన్న మొన్న చేర్చినవీ ఉన్నాయి. అలాంటప్పుడు వీటిని సంప్రదాయ నామాలని ఎలా అంటారన్నది ప్రశ్న. ఈ ప్రశ్న వేసేవాళ్లు నిజాయితీతోనే వేస్తారు. అయినా వాళ్ల లెక్క తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పాలంటే ఆ పేర్లు ఎలా పోయాయో, ఎలా తిరిగి వచ్చాయో కాస్త వివరంగా చూడాలి.

1820లో క్రైస్తవ మిషనరీలు వచ్చాక పాత పూజలతో పాటు వాటితో ముడిపడిన కాలగణనా మరుగున పడసాగింది. 1893లో రాణి లిలిఉఒకలనిని గద్దె దించారు. 1896లో బడుల్లో హవాయి భాషలో బోధన ఆపేసి ఇంగ్లీషును తప్పనిసరి చేశారు. సుదూర సముద్రయానాలు అంతకు శతాబ్దాల ముందే నిలిచిపోయాయి. మిగిలింది కాగితం. 19వ శతాబ్దంలో మొదలై 20వ శతాబ్దంలోనూ సాగిన హవాయి భాషా పత్రికలు లక్ష పుటలకు మించి ఉన్నాయి. వాటిలో స్థానిక పండితులు రాసిపెట్టిన నక్షత్రాల పేర్లూ చాలానే ఉన్నాయి. సృష్టిక్రమాన్ని గానం చేసే కుములిపో అనే దీర్ఘ స్తోత్రంలో పద్నాలుగో భాగం నిండా ఆకాశంలో వేలాడదీసిన చుక్కల పేర్లే. రూబెలైట్ కవేన జాన్సన్, జాన్ కైపో మహెలోన కలిసి 1975లో ఈ పేర్లన్నిటినీ ఒక జాబితాగా అచ్చువేశారు. గొప్ప పని అది. కాని ఆ జాబితాలో ఎన్నో పేర్లకు ఎదురుగా ఏ నక్షత్రమూ లేదు. పేరు ఉంది, అది ఏ చుక్కదో వేలెత్తి చూపించగలవాడు లేడు. పేరు పోవడం కంటే పేరు మిగిలి చుక్క పోవడమే ఎక్కువ బాధ పెడుతుంది నన్ను.

అదే 1975లో, మార్చి 8న, ఒవాహు దీవి తూర్పు తీరాన హోకులేఅ అనే జంట పడవ నీళ్లలో దిగింది. పసిఫిక్ దీవుల్లో మనుషులు స్థిరపడటం దారితప్పి కొట్టుకుపోయినవారి వల్ల జరిగిందే తప్ప వాళ్లకు దూరాలు దాటి నడిపే విద్య లేదని వాదించే పండితులు అప్పటికి చాలామంది. 1973లో ఏర్పడిన పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ ఆ వాదానికి సముద్రం మీదే జవాబు చెప్పాలనుకుంది. అయితే హవాయిలో ఆ విద్య తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. మైక్రోనేషియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియైలుగ్‌ను పిలిపించారు. తాతల నుంచి నేర్చిన విద్యను పరాయివాళ్లకు చెప్పడం అతని సమాజంలో చాలామందికి ఇష్టం లేదు. తమ కుర్రాళ్లే నేర్చుకోవడం మానేస్తున్నారు గనుక ఎవరికో ఒకరికి అందకపోతే అది తనతోనే అంతరిస్తుందని ఆయన వచ్చాడు. 1976 మే 1న మౌయి నుంచి బయలుదేరిన పడవ దిక్సూచి గాని, పటం గాని, గడియారం గాని చూడకుండా సుమారు 4,000 కిలోమీటర్లు నడిచి జూన్ 4న తహితిలోని పపీటే రేవు చేరింది. ఆ దీవి జనాభాలో సగం దాకా తీరానికి వచ్చి నిలబడ్డారు.

నైనోఅ థాంప్సన్ అనే యువకుడు ఆ పడవ మనుషుల్లో ఒకడు. చుక్కలను చూడటం అతను సముద్రం మీద ఎంత నేర్చాడో హోనొలులులోని బిషప్ మ్యూజియం ప్లానెటేరియంలో, గుండ్రటి కప్పు మీద దీపాల చుక్కలను తిప్పించుకుంటూ అంత నేర్చాడు. ఏ రెండు చుక్కలు ఏ అక్షాంశం వద్ద ఒకేసారి ఉదయిస్తాయో, ఏ జంట ఒకేసారి నడినెత్తికి వస్తుందో రాత్రుల తరబడి రాసుకున్నాడు. 1979లో మౌ తిరిగి వచ్చి అతనికి గురువయ్యాడు. 1980లో థాంప్సన్ పడవను తహితికి నడిపి వెనక్కు తెచ్చాడు. పరికరాలు లేకుండా ఆ దూరం నడిపిన హవాయి మనిషి కొన్ని శతాబ్దాల తర్వాత అతనే. 2007లో సతవాల్‌లో మౌ అతనికీ మరో నలుగురు హవాయి నావికులకూ గురుపట్టం కట్టాడు.

పడవ పేరులోనే ఒక నక్షత్రం ఉంది. హోకులేఅ అంటే మన స్వాతి. ఖగోళ మధ్యరేఖకు సుమారు 19 డిగ్రీలు ఉత్తరంగా ఉండటం వల్ల అది హవాయి పెద్దదీవికి నడినెత్తి మీదుగా పోతుంది. దక్షిణం నుంచి తిరిగి వచ్చే నావికుడు స్వాతి సరిగ్గా నెత్తి మీదకు వచ్చిందంటే తన దీవి అక్షాంశానికి చేరినట్టేనని గ్రహించి పక్కకు తిరుగుతాడు. ఇది తెలుగువాడికి ఊహతో అందుకోవలసిన విషయం కాదు. హవాయిలోని హిలో పట్టణమూ మన ఆదిలాబాదూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 19.7 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అక్కడి స్వాతి ఇక్కడా నడినెత్తికి వస్తుంది. అక్కడి హోకుపఅ ఎంత ఎత్తున నిలుస్తుందో ఇక్కడి ధ్రువ నక్షత్రమూ అంతే ఎత్తున, దిగంతం నుంచి ఇరవై డిగ్రీల లోపు, నిలుస్తుంది. కవెలో గాలిపటం ఆదిలాబాదు మేడల మీద కూడా అదే అక్టోబరులో, స్థానిక కాలం ప్రకారం అదే వేళకు ఎగురుతుంది. నేను ఉద్యోగరీత్యా హిలోలో ఉన్న రోజుల్లో తెలంగాణలో ఉన్న మా వాళ్లకు ఆకాశం గురించి రాసినప్పుడు ఎక్కడా సర్దుబాటు చేయవలసిన అవసరం రాలేదు.

ఆ రోజుల్లోనే నవంబరులో ఒక సాయంత్రం, సముద్రం పక్క గడ్డినేల మీద, పిల్లలకు నక్షత్ర దిక్సూచి నేర్పించడం చూశాను. థాంప్సన్ రూపొందించిన ఈ దిక్సూచిలో దిగంతం 32 ఇళ్లుగా ఉంటుంది. ఒక్కో ఇల్లు 11.25 డిగ్రీలు. తూర్పు నుంచి ఉత్తరానికి నడిస్తే లా, ఆయినా, నోయియో, మను, నాలని, నా లేఓ, హక అనే ఏడు ఇళ్లు వరసగా వస్తాయి. తక్కిన మూడు మూలల్లోనూ ఇవే పేర్లు తిరిగి వస్తాయి. అగ్నిపర్వతపు నల్లరాళ్లను వలయంగా పేర్చి, నాలుగు దిక్కులకు తెల్లటి పగడపు రాళ్లు పెట్టారు. పిల్లలంతా అంటీ అని పిలిచే ఒక పెద్దావిడ వలయం మధ్యలో నిలబడి, మకలిఇ ఎక్కడ పుడుతుందని అడిగింది. మకలిఇ అంటే మన కృత్తికలు. ఏడెనిమిదేళ్ల పాప ఒకతె పరుగున వెళ్లి ఈశాన్యపు మూలలోని ఆయినా రాయి మీద నిలబడింది. మరి ఎక్కడ దిగుతుందని అడిగితే ఒక పిల్లవాడు వలయం మధ్యలోంచి దూసుకుపోయి సరిగ్గా ఎదుటి మూలలో, నైరుతిలోని ఆయినా మీద నిలిచాడు. ఆవిడ నవ్వి, “అటు అలలు పోతాయి నాన్నా, చుక్క పోదు” అంది. ఈశాన్యపు ఇంట పుట్టిన చుక్క వాయవ్యంలో అదే పేరున్న ఇంట దిగుతుంది. ఈశాన్యపు ఇంటి నుంచి వచ్చే అల మాత్రం పడవ కిందుగా సాగి నైరుతిలో అదే పేరున్న ఇంటికి పోతుంది. పిల్లవాడు వలయం అంచు వెంబడి నడిచి వాయవ్యానికి చేరాడు. చీకటి పడ్డాక పాప నిలబడిన రాయి వైపుగానే, మబ్బుల సందున, కృత్తికలు పైకి వచ్చాయి.

అక్కడ ఉన్న ఏ పిల్లవాడికీ ఆ ఇళ్ల పేర్లు పాతవా కొత్తవా అన్న సందేహం లేదు. వాళ్లకు ఆ పేరు నిలబడటానికి ఒక చోటు, తిరగడానికి ఒక దిక్కు. నా వాదమంతా ఇదే. నక్షత్రం పేరుకు సంప్రదాయమనే హోదా దాని వయసు వల్ల రాదు. దాన్ని పలికినవాడు చుక్కను చూపించగలగాలి, చూపించి ఏదో ఒక పని చేయగలగాలి. మొదట హవాయికి వలస వచ్చిన పాలినేషియన్ నావికులు తమ వెంట తెచ్చుకున్న పేర్లకు కొన్నిటిని చేర్చారు, కొన్నిటిని మార్చారు, కొన్నిటికి తమ రాజుల పేర్లు పెట్టుకున్నారు. 1980 తర్వాతి నావికులు చేసింది కూడా అదే. సతవాల్ నుంచి వచ్చిన విద్య మీద, ప్లానెటేరియంలో దొరికిన జ్ఞానం మీద, పత్రికల్లో మిగిలిన పేర్ల మీద ఆధారపడి వాళ్లు ఒక పనికొచ్చే ఆకాశాన్ని కట్టుకున్నారు. పనికిరాని జాబితాను చెక్కుచెదరకుండా కాపాడటం కంటే ఇది సంప్రదాయానికి దగ్గరగా ఉందని గట్టిగా నమ్ముతాను.

దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది, అదీ ఈ గాలిపటం పక్కనే. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2016లో నక్షత్రాల పేర్ల కోసం ఒక కార్యవర్గాన్ని ఏర్పాటు చేసింది. 2017లో ఆ వర్గం ఆమోదించిన పేర్లలో రేవతి, భరణి ఉన్నాయి. గాలిపటానికి ఆగ్నేయంగా మీన రాశిలో ఉన్న ఒక మసక చుక్కకు ఇప్పుడు ప్రపంచమంతటా అధికారికమైన పేరు రేవతి. సంతోషించవలసిన విషయమే. కాని ఆ చుక్క నగరాల్లో కంటికి ఆనదు, పల్లెల్లో దాన్ని చూపించేవాళ్లు లేరు. ఇరవై ఏడు నక్షత్రాల పేర్లు ముద్రించని తెలుగు క్యాలెండరు లేదు. జన్మనక్షత్రం తెలియని తెలుగు ఇల్లూ అరుదే. ఆ ఇరవై ఏడింటిలో కనీసం ఐదింటిని ఆకాశంలో గుర్తుపట్టగలవాళ్లు మన చుట్టూ ఎందరున్నారో ఎవరికివారు అడిగి చూసుకోవచ్చు. మనకు భాషను నిషేధించినవాళ్లు లేరు, బడి మాన్పించినవాళ్లు లేరు. అయినా పేరు మిగిలి చుక్క పోయింది.

దీనికి ఒక కారణం మన కార్తెల పద్ధతిలోనే ఉందేమో అనిపిస్తుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటాం. సూర్యుడు రోహిణి దగ్గర ఉన్న కాలమే రోహిణి కార్తె గనుక సరిగ్గా ఆ రోజుల్లోనే రోహిణి సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. పైకి చూసినా దొరకదు. కార్తె పేరుతో విత్తనం వేసినవాడికి ఆ పేరు గల చుక్కను చూడవలసిన పని పడలేదు. రాత్రి పూట ఆకాశాన్ని చూసి వేళ తెలుసుకున్నవాళ్ల పేర్లు వేరే ఉన్నాయి: గొరుకొయ్యలు (వరసగా నిలిచే మూడు చుక్కలు), పిల్లలకోడి (కృత్తికలే), వేగుచుక్క. గొరుకొయ్యలు ఎక్కడికి వచ్చాయో చూసి రాత్రి ఎంత మిగిలిందో చెప్పగలిగిన రైతులు ఆ పేర్లను బతికించారు. చేతి గడియారం వచ్చింది, పనీ పోయింది, పేరూ పోయింది.

చూడటానికి చీకటి కావాలి. ఈ విషయంలో కూడా హవాయి నుంచి తెలుసుకోవలసింది ఉంది. పెద్దదీవిలో 4,205 మీటర్ల మౌన కేఅ శిఖరం మీద ఉన్న టెలిస్కోపుల కోసం 1980ల చివరి నుంచే వీధిదీపాల మీద కట్టుబాట్లు ఉన్నాయి. ఆ శిఖరం మీదే ముప్పై మీటర్ల టెలిస్కోపు కడతామన్నప్పుడు, అది తమకు పవిత్రమైన కొండ అని 2019లో వేలాది స్థానికులు దారికి అడ్డంగా కూర్చున్నారు. ఆకాశాన్ని ప్రేమించే రెండు వర్గాల మధ్య వచ్చిన ఆ తగాదాను ఒక పేరాలో తేల్చడం అన్యాయం. నా మనసు మాత్రం దారికి అడ్డం కూర్చున్న ఆ స్థానికుల పక్షానే ఉంది. కౌవాయి దీవిలో జరిగింది చిన్న సంగతి, నాకు మరీ ఇష్టమైనది. అక్కడి కొండ బొరియల్లో పుట్టిన అఒ అనే సముద్రపక్షి పిల్లలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, రాత్రి వేళ, మొదటిసారి గూడు విడిచి సముద్రం వైపు ఎగురుతాయి. దీపాల కాంతి చూసి దారి తప్పి, వాటి చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయి నేల మీద పడిపోతాయి. 1979 నుంచి ఆ దీవి జనం పడిపోయిన పిల్లలను తువ్వాలులో చుట్టి, అగ్నిమాపక కేంద్రాల దగ్గర వాటి కోసం ఉంచిన పెట్టెల్లో అప్పగిస్తున్నారు. 2010 ప్రాంతంలో హైస్కూళ్ల ఫుట్‌బాల్ ఆటలను శుక్రవారం రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద నుంచి పగటిపూటకు మార్చారు. రాత్రి ఆటకు అలవాటుపడ్డ ఊళ్లు గొణిగాయి, అయినా ఒప్పుకున్నాయి. శరత్కాలపు రాత్రి చీకటిగా ఉండాలని ఒక సమాజం నిర్ణయించుకోగలదని అది రుజువు చేసింది.

నవంబరు నడుమ, సూర్యుడు దిగిన వెంటనే మకలిఇ తూర్పున పైకి రావడం మొదలుపెట్టిన తర్వాత, అమావాస్య దాటి నెలవంక కనబడితే పాత హవాయిలో మకహికి మొదలయ్యేది. సుమారు నాలుగు నెలలు లోనో దేవుడి కాలం. యుద్ధం నిషిద్ధం, పన్నులు తీసుకోవడం, ఆటల పోటీలు ఆ రోజుల్లోనే. చంద్రుడు కృత్తికల దగ్గర నిండుగా ఉండే నెల మనకు కార్తీకం. నిండు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు గనుక ఆ కృత్తికలు సూర్యాస్తమయ వేళకే ఉదయించాలి. అంటే రెండు జాతులు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండానే, ఆకాశంలో జరిగే ఒకే సంఘటనకు తమ సంవత్సరంలో పెద్దపీట వేశాయి. తేడా ఒక్కటే: మకహికి ప్రకటించాలంటే ఎవరో ఒకరు తూర్పు వైపు నిలబడి చూసి తీరాలి, కార్తీకం మొదలైందని మనకు క్యాలెండరు చెబుతుంది.

అందుకే క్యాలెండర్లు, పంచాంగాలు అచ్చువేసేవారికి నాదొక మనవి. పౌర్ణమి నాటి వెన్నెలలో కృత్తికలు సరిగా కనబడవు. కార్తీక బహుళ పంచమి తర్వాత చంద్రుడు ఆలస్యంగా వస్తాడు గనుక ముందు రాత్రి ఆకాశం చీకటిగా ఉంటుంది. ఆ తిథి గడిలో, రాహుకాలానికీ వర్జ్యానికీ కింద, ఒక్క వాక్యం వేయండి: ఈ రాత్రి ఎనిమిది గంటలకు తూర్పు నుంచి కాస్త ఉత్తరానికి జరిగి, దిగంతానికీ నడినెత్తికీ మధ్య సగం ఎత్తు లోపు చూడండి, చిన్న గుంపుగా కనబడేవి కృత్తికలు, ఇంచుమించు నడినెత్తిన ఉన్న నాలుగు చుక్కల చతురస్రం పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రలు.